"రేటింగ్ నా చేతుల్లో లేదు": అప్రైజల్ గదిలో బెల్ కర్వ్ ఎలా పనిచేస్తుంది

ఏటా అప్రైజల్ (పనితీరు మదింపు) కాలంలో ఐటీ ఆఫీసుల చిన్న గదుల్లో ఒక మాట పదే పదే వినిపిస్తుంది. "మీ పని బాగుంది, ఆ సంగతి నాకు తెలుసు. కానీ రేటింగ్ నా చేతుల్లో లేదు." ఎదుటి కుర్చీలో ఉన్న మనిషి ఏడాదిపాటు అర్ధరాత్రి కాల్స్ అందుకున్నారు, పండగ రోజున కూడా లాప్‌టాప్ తెరిచారు. ఇప్పుడు తెర మీద ఆయన పేరు పక్కన ఐదుకు రెండు అన్న అంకె ఉంది. బయటికి వచ్చాక ఆ కోపం ఎవరికి చెప్పుకోవాలి? మేనేజర్ తన చేతుల్లో లేదన్నారు. హెచ్‌ఆర్‌ను అడిగితే మేనేజర్‌తో మాట్లాడమంటారు. ఆ పైవారిని అడిగితే కంపెనీ విధానం అంటారు.

ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించే. అది నిజమా, సాకా? ఆ బల్లకు రెండు వైపులా కూర్చున్న మనిషిగా నా జవాబు, అది సగం నిజం. ఏ సగం నిజమో విడదీయాలంటే కొంత గణితం, కొంత జీతాల లెక్క, కొంత చట్టం తెలియాలి.

ఈ ప్రశ్న ఇప్పుడు ఇంతగా చర్చకు రావడానికి కారణం ఉంది. 2025 జూన్‌లో టీసీఎస్ తన ఉద్యోగులు ఏడాదికి కనీసం 225 రోజులు క్లయింటుకు బిల్లు వేయగల పనిలో ఉండాలని, బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా, 35 రోజులు మించకూడదని విధానం తెచ్చింది. మరుసటి నెలలోనే తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12,000 మందికి పైగా తగ్గించుకుంటానని ప్రకటించింది. ఇలాంటి వార్తలు వచ్చిన ప్రతిసారీ, మామూలు రోజుల్లో హైక్ (జీతం పెంపు) వరకే పరిమితమైన రేటింగ్ భయం ఉద్యోగం దాకా పాకుతుంది.

ముందు మాటల అర్థాలు

రేటింగ్ అంటే ఏడాది పనికి ఇచ్చే అంకె. చాలా చోట్ల 1 నుంచి 5 వరకు ఉంటుంది. కొన్ని కంపెనీల్లో 1 అన్నింటికంటే మంచిది, మరికొన్నింటిలో 5. ఈ వ్యాసంలో 5 మంచిదనుకుందాం. హైక్, ప్రమోషన్, వేరియబుల్ పే మూడూ దీనితో ముడిపడి ఉంటాయి. వేరియబుల్ పే అంటే జీతంలో భాగంగానే ఆఫర్ లెటర్‌లో చూపించి, చేతికి వచ్చే మొత్తాన్ని మాత్రం కంపెనీ ఫలితాల మీద, రేటింగ్ మీద ఆధారపెట్టే భాగం.

నార్మలైజేషన్ అన్నదే అసలు కీలకం. జట్టు మేనేజర్లు ఇచ్చిన అంకెలను పై స్థాయిలో ఒకచోట చేర్చి, ముందే నిర్ణయించిన నిష్పత్తికి సరిపోయేలా సర్దడం అన్నమాట. ఆ నిష్పత్తినే బెల్ కర్వ్ (గంట ఆకారపు గీత) అంటున్నారు. కొద్దిమందికి 5, మరికొందరికి 4, ఎక్కువ మందికి 3, చివర కొద్దిమందికి 2 లేదా 1. ఈ చివరివారిని తరచూ పీఐపీ (పర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్)లో పెడతారు. అది పనితీరు మెరుగుపరచుకోవడానికి 30, 60 లేదా 90 రోజులు గడువిచ్చే పద్ధతి. గడువు ముగిసే సమయానికి ఏం జరుగుతుందో ఉద్యోగులందరికీ తెలుసు కాబట్టి, ఆ పేరు వింటేనే రెజ్యుమె దిద్దుకోవడం మొదలుపెడతారు.

గంట ఆకారం ఎక్కడి నుంచి వచ్చింది

ఒక ఊళ్ళో మగవాళ్ళందరి ఎత్తు కొలిచి గీత గీస్తే మధ్యలో ఉబ్బి, రెండు పక్కలా వాలిన గంటలా వస్తుంది. 19వ శతాబ్దంలో బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ క్వెట్లే స్కాట్లండ్ సైనికుల ఛాతీ కొలతల్లో ఈ ఆకారాన్నే చూపించాడు. అక్కడ ముందు కొలిచారు, ఆకారం తర్వాత కనిపించింది. ఆఫీసులో ఈ వరుస తలకిందులైంది. ముందు ఆకారం గీసి, మనుషులను అందులో కూర్చోబెడుతున్నారు.

ఈ పద్ధతికి ప్రపంచమంతా పేరు తెచ్చింది అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్. 1981 నుంచి 2001 వరకు దాన్ని నడిపిన జాక్ వెల్చ్ ఉద్యోగులను 20, 70, 10 శాతాలుగా విభజించమన్నాడు. పై 20కి బహుమానాలు, మధ్య 70కి శిక్షణ, కింది 10కి ఉద్వాసన. ఆ కాలంలో కంపెనీ విలువ బాగా పెరగడంతో మిగతావాళ్ళు కూడా ఇదే దారి పట్టారు. అమెరికా క్లయింట్లతో, అమెరికా నిర్వహణ పద్ధతులతో పెరిగిన మన ఐటీ రంగానికి కూడా ఇది చేరింది.

మనుషుల పనితీరు నిజంగా గంట ఆకారంలోనే ఉంటుందా? 2012లో ఎర్నెస్ట్ ఓబాయిల్, హెర్మన్ అగ్వినిస్ అనే ఇద్దరు పరిశోధకులు శాస్త్రవేత్తలు, కళాకారులు, రాజకీయ నాయకులు, క్రీడాకారులు కలిపి 6 లక్షల 33 వేల మందికి పైగా పనితీరు లెక్కలు చూశారు. ఎక్కువ సందర్భాల్లో గంట కనిపించలేదు. కొద్దిమంది చాలా ఎక్కువ సాధిస్తారు, మిగతా అధికశాతం ఒకరికొకరు దగ్గరగా ఉంటారు. సాఫ్ట్‌వేర్ జట్లను వాళ్ళు కొలవలేదు కాబట్టి ఆ ఫలితాన్ని యథాతథంగా ఇక్కడికి తేలేం. కానీ పరీక్ష, ఇంటర్వ్యూ, ప్రొబేషన్ దాటించి వడగట్టి తెచ్చుకున్నవాళ్ళలో ప్రతి ఏడాదీ అదే నిష్పత్తిలో బలహీనులు ఉంటారనడానికి ఆధారం చూపించాల్సింది కర్వ్‌ను వాడేవాళ్ళే.

పదిమంది జట్టులో లెక్క

కర్వ్ మీద నాకున్న పెద్ద అభ్యంతరం ఇక్కడుంది. సరే, కంపెనీ మొత్తంలో నిజంగానే 10 శాతం మంది పని బాగా లేదనుకుందాం. వాళ్ళు జట్లలో ఎలాంటి క్రమమూ లేకుండా చెదిరి ఉన్నారనుకుందాం. ఒక పదిమంది జట్టులో అలాంటివారు ఎందరుంటారు?

ఒక్కరే అని చాలామంది వెంటనే చెబుతారు. సగటున అంతే. కానీ ఒక్కో జట్టూ సగటు కాదు. ఒక మనిషి పని బాగా చేసే అవకాశం 0.9. పదిమందీ బాగా చేసే అవకాశం 0.9ని పదిసార్లు హెచ్చిస్తే వస్తుంది, అంటే సుమారు 0.35. సరిగ్గా ఒక్కరే బలహీనంగా ఉండే అవకాశం దాదాపు 0.39. ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఉండే అవకాశం 0.26.

అలాంటి జట్లు వంద ఉన్నాయనుకోండి. సుమారు 35 జట్లలో బలహీనులు ఒక్కరూ లేరు. అయినా ప్రతి జట్టూ ఒక పేరు ఇచ్చి తీరాలి. అంటే 35 మంది బాగా పనిచేసీ అడుగున పడతారు. 26 జట్లలో ఇద్దరో ముగ్గురో ఉన్నారు, ఒక్కరి పేరే బయటికి వస్తుంది, మిగతావారు తప్పించుకుంటారు. నియమం వాస్తవంతో సరిపోయేది 39 జట్లలోనే. ఇదంతా ఏ మేనేజరూ పక్షపాతం చూపకపోయినా, ప్రతివారి పనినీ తప్పులేకుండా అంచనా వేసినా జరిగేదే.

కాబట్టే కొన్ని కంపెనీలు పదిమందికి కాకుండా రెండు మూడు వందల మంది ఉన్న విభాగానికి నిష్పత్తి పెడతాయి. గణితపరంగా అది మేలు, అంకెలు సగటుకు దగ్గరగా వస్తాయి. అయితే అక్కడ ఇంకో చిక్కు మొదలవుతుంది. రెండు వందల మందిని పక్కపక్కన పెట్టి పోల్చే గదిలో ఇరవైమంది మేనేజర్లుంటారు. ఒక్కొక్కరికీ తమ పదిమందే తెలుసు. అప్పుడు పని కంటే మాట ముందుకొస్తుంది. గట్టిగా వాదించగల మేనేజర్ జట్టుకు నాలుగులు వస్తాయి, మొహమాటపడే మేనేజర్ జట్టుకు రెండులు మిగులుతాయి. పై అధికారి కంటపడే ప్రాజెక్టులో ఉన్నవాళ్ళ పేర్లు అందరికీ తెలుసు. పాత కోడ్‌ను కూలిపోకుండా కాపాడుతూ ఏడాదంతా గడిపిన మనిషి పేరు ఎవరూ విని ఉండరు.

జీతాల సంచిలో ఉన్నది ఎంత

రేటింగ్ ఇంత బిగుతుగా ఉండటానికి మూలం హైక్ బడ్జెట్. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. పదిమంది జట్టు, ఒక్కొక్కరి జీతం నెలకు 60,000 రూపాయలు. మొత్తం 6 లక్షలు. జట్టుకు 8 శాతం హైక్ బడ్జెట్ వచ్చిందంటే పంచుకోవడానికి నెలకు 48,000 ఉన్నాయి.

అందరికీ సమానంగా ఇస్తే తలా 4,800. కానీ బాగా చేసిన ఇద్దరికి 15 శాతం, అంటే 9,000 చొప్పున ఇవ్వాలనుకుంటే 18,000 అయిపోతాయి. మిగిలిన 30,000ను ఎనిమిది మందికి పంచితే ఒక్కొక్కరికి 3,750. వారిలో ఒకరికి సున్నా ఇచ్చి ఏడుగురికి పంచితే దాదాపు 4,285.

తేడా చూడండి. ఒక మనిషికి ఏమీ ఇవ్వకపోవడం వల్ల మిగతా ఏడుగురికీ నెలకు 535 రూపాయల చొప్పున పెరిగింది. పై ఇద్దరి వాటా మారలేదు. అంటే ఆ సున్నా అంకె చెబుతున్నది పూర్తిగా ఆ మనిషి పని గురించి కాదు. సంచి ఎంత చిన్నదో కూడా అదే చెబుతోంది. ఈ విషయం ఉద్యోగికి నేరుగా చెబితే బాధ ఉంటుంది కానీ అవమానం ఉండదు. "ఈ ఏడాది డబ్బు తక్కువ" అనాల్సిన చోట "మీ పని తక్కువ" అనడమే అసలు గాయం.

సమర్థించేవారు చెప్పేదీ వినాలి

కర్వ్ లేకపోతే ఏమవుతుందో హెచ్‌ఆర్‌లో పనిచేసినవాళ్ళకు బాగా తెలుసు. మేనేజర్లు ఎవరి మనసూ నొప్పించలేక అందరికీ 4 ఇస్తారు. నిజంగా బాగా చేసినవారికి, హాజరు వేయించుకుని వెళ్ళిపోయేవారికి తేడా ఉండదు. అప్పుడు విసిగి వెళ్ళిపోయేది మొదటివారే. జట్టులో ఒకరి పని మరొకరు మోస్తున్నప్పుడు, మోస్తున్నవారికి కూడా న్యాయం కావాలి. ఈ వాదనలో బలం ఉంది. నా జట్టులో పని ఎగ్గొట్టే ఒక మనిషిని రెండేళ్ళు ఎవరూ ఏమీ అనకపోతే ఆ భారం ఎవరి మీద పడిందో నేను చూశాను.

స్టీవెన్ స్కలెన్, ఆయన సహచరులు 2005లో కంప్యూటర్ మీద ఊహా కంపెనీలను సృష్టించి ఏళ్ళ తరబడి ఈ పద్ధతిని నడిపించి చూశారు. అడుగున ఉన్నవారిని తీసేసి కొత్తవారిని తెచ్చుకుంటూ పోతే సిబ్బంది సామర్థ్యం పెరిగింది. కానీ ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి కొన్నేళ్ళలోనే వచ్చింది. ఆ తర్వాత తీసేయడానికి బలహీనులు మిగలరు, మంచివాళ్ళ మీదే వేటు పడుతుంది. ఇదే స్కలెన్ ఇంకో ఇద్దరితో కలిసి 2000లో ప్రచురించిన పరిశోధనలో 4,492 మంది మేనేజర్లకు వారి పైవారు, తోటివారు, కిందివారు ఇచ్చిన రేటింగులను విశ్లేషించాడు. రేటింగుల మధ్య తేడాల్లో సగానికి పైగా, ఇచ్చినవారి సొంత తీరు వల్ల వచ్చినవే. ఒక అంకెను చూసి ఆ ఉద్యోగి గురించి తెలుసుకునేదానికంటే, దాన్ని వేసిన మనిషి గురించి ఎక్కువ తెలుసుకుంటాం.

కర్వ్ తీసేసిన కంపెనీలూ ఉన్నాయి. అడోబీ 2012లో ఏడాదికోసారి జరిగే సమీక్షను మానేసి తరచూ మాట్లాడుకునే పద్ధతికి మారింది. మైక్రోసాఫ్ట్ 2013 నవంబరులో బలవంతపు నిష్పత్తిని రద్దు చేసింది. అయితే రద్దుతో అంతా తేలికపడదు. హైక్ బడ్జెట్ అలాగే ఉంటుంది కాబట్టి ఎవరో ఒకరు ఎక్కడో పంపకం చేయాల్సిందే. అంకె కనబడకుండా పోతే, ఆ పంపకం ఎలా జరిగిందో అడగడానికి ఉద్యోగి దగ్గర ఉన్న ఒక్క కాగితం కూడా పోతుంది. అందుకే కర్వ్ తీసేస్తే చాలన్నవారితో నేను పూర్తిగా ఏకీభవించలేను.

మేనేజర్ చేతుల్లో ఉన్నది

కొన్నేళ్ళ క్రితం నేను లీడ్‌గా ఉన్న చోట నార్మలైజేషన్ సమావేశంలో నా జట్టు నుంచి ఒక పేరు అడిగారు. నేను ఇచ్చిన పేరు జట్టులో బలహీనమైన మనిషిది కాదు. ఆగస్టులో మా జట్టులోకి మారి వచ్చిన ఒక అమ్మాయిది. మిగతావాళ్ళు నాతో మూడు నాలుగేళ్ళుగా ఉన్నారు, వాళ్ళకు రెండు ఇస్తే గొడవ చేస్తారు, క్లయింటు ముందు నా పని ఆగిపోతుంది. ఆమె కొత్త, నెమ్మదస్తురాలు, వాదించదు. ఆ గదిలో నా మనసులో నడిచిన లెక్క అదే.

వారం తర్వాత ఆమె నన్ను అడిగింది, "ఏ పని సరిగా చేయలేదో చెప్పండి సర్, ఈ ఏడాది సరిచేసుకుంటాను." నా దగ్గర జవాబు లేదు. నా చేతుల్లో లేదన్నాను.

ఇప్పుడు ఆ మాటను విడదీసి చెప్పగలను. ఒక పేరు ఇచ్చి తీరాలన్న నియమం నా చేతుల్లో లేదు. ఆ పేరు ఆమెది కావడం పూర్తిగా నా చేతుల్లోనే ఉంది. ఏడాది మధ్యలో ఒక్కసారి కూడా ఆమె పని గురించి కూర్చుని మాట్లాడకపోవడం నా చేతుల్లోనే ఉంది. కంటపడే పనులు ఎవరికి అప్పగించానన్నది, గదిలో ఆమె తరఫున ఎన్ని నిమిషాలు మాట్లాడానన్నది, బయటికి వచ్చాక నిజం చెప్పానా లేదా అన్నది కూడా. మంచి మేనేజర్‌కీ చెడ్డ మేనేజర్‌కీ పై నుంచి వచ్చే కర్వ్ ఒకటే. ఈ పనుల్లోనే వాళ్ళు వేరుపడతారు.

మేనేజర్లు ఇలా ఎందుకు తయారవుతారన్నదీ ఆలోచించాలి. బాగా కోడ్ రాసేవారిని లీడ్ చేస్తారు, మంచి లీడ్‌ను మేనేజర్ చేస్తారు. మనుషులతో పనిచేయించడం వేరే విద్య అని ఎవరూ అనుకోరు. అమెరికా కంపెనీల్లోని అమ్మకాల సిబ్బంది వివరాలతో 2019లో ప్రచురితమైన ఒక పరిశోధన, బాగా అమ్మేవారికే ప్రమోషన్ ఎక్కువగా దక్కుతోందని, వాళ్ళు మేనేజర్లయ్యాక వాళ్ళ కింద పనిచేసేవారి అమ్మకాలు తగ్గుతున్నాయని తేల్చింది. గూగుల్ తన మేనేజర్ల మీద తానే అధ్యయనం చేసుకుని మంచి మేనేజర్ లక్షణాలను ఎనిమిదిగా వరుస పెట్టినప్పుడు, మొదటి స్థానం శిక్షకుడిలా వెన్నంటి ఉండటానికి దక్కింది. సాంకేతిక నైపుణ్యం ఎనిమిదోది.

మౌనం ఎలా అలవాటవుతుంది

పక్క కుర్చీలో ఉన్న మనిషితోనే పోటీ అని తెలిశాక జట్టు మారిపోతుంది. ఒకరికి తెలిసిన చిట్కా మరొకరికి చెప్పరు. తప్పు జరిగితే బయటపెట్టరు, ఎందుకంటే అది మార్చిలో అప్రైజల్ వేళ ఎవరికో గుర్తొస్తుంది. 1990లలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి జట్లలో మందుల పొరపాట్లను లెక్కిస్తే, మంచి జట్లలోనే ఎక్కువ పొరపాట్లు నమోదైనట్టు వచ్చింది. కారణం వెతికితే, ఆ జట్లలో భయం లేదు, జరిగిన పొరపాటును చెప్పుకుంటున్నారు. మిగతా చోట్ల దాచుకుంటున్నారు. మన ఆఫీసుల్లో "ఎవరైనా ఏమైనా చెప్పాలనుకుంటున్నారా?" అని అడిగినప్పుడు వచ్చే నిశ్శబ్దాన్ని కొందరు మేనేజర్లు సంతృప్తి అనుకుంటారు.

చట్టం ఎంతవరకు తోడుంటుంది

బెల్ కర్వ్‌ను నిషేధించే చట్టం మన దేశంలో లేదు. రేటింగ్ తక్కువ వేశారని ఫిర్యాదు చేయడానికి ప్రత్యేకమైన ద్వారమూ లేదు. లైంగిక వేధింపుల విషయంలో 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకు మించి ఉన్న ప్రతి కార్యాలయంలో అంతర్గత కమిటీ ఉండాలి. అయితే అవమానకరంగా మాట్లాడటం, కావాలని పక్కన పెట్టడం లాంటివి లైంగిక వేధింపుతో సంబంధం లేకుండా జరిగితే ఆ చట్టం కిందికి రావు.

ఐటీ ఉద్యోగికి కార్మిక చట్టాలు వర్తించవన్న నమ్మకం మాత్రం తప్పు. పారిశ్రామిక వివాదాల చట్టం 1947లో కార్మికుడి నిర్వచనంలోనే సాంకేతిక పని ఉండేది. దానికి జీతం పరిమితి ఉండేది కాదు. ప్రధానంగా నిర్వహణ బాధ్యతల్లో ఉన్నవారు, పరిమితికి మించి జీతం తీసుకునే పర్యవేక్షకులు మాత్రమే బయట ఉండేవారు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఇదే పద్ధతి కొనసాగింది, పర్యవేక్షకుల పరిమితి 18,000 రూపాయలైంది. హోదా పేరు కాదు, రోజూ నిజంగా చేసే పని ఏమిటన్నదే లెక్క. కార్డు మీద అసోసియేట్ మేనేజర్ అని ఉన్నా రోజంతా కోడ్ రాసేవారి వాదన వినదగ్గదే. 20 మంది లేదా అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలని కూడా ఈ కోడ్ చెబుతుంది.

కనీసం ఏడాది పనిచేసిన కార్మికుడిని, క్రమశిక్షణ శిక్షగా కాకుండా కంపెనీయే తగ్గిస్తే, కొన్ని మినహాయింపులు పోను, నెల నోటీసు, పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. ఎనిమిదేళ్ళు చేసినవారికి అది 120 రోజుల వేతనం. ఉద్యోగి తానుగా రాజీనామా చేస్తే ఆ పరిహారం లేదు. పీఐపీ చివర "మీరే రాజీనామా ఇస్తే రికార్డు శుభ్రంగా ఉంటుంది, అనుభవ పత్రం ఇబ్బంది లేకుండా వస్తుంది" అని హెచ్‌ఆర్ చెప్పే మాటకు అర్థం ఇక్కడ దొరుకుతుంది. తొలగింపు అన్న ముద్ర పడితే తర్వాతి కంపెనీ నేపథ్య విచారణలో చిక్కు వస్తుందన్న భయం నిజమైనదే. అందుకే చాలామంది ఆ రాత్రే రాజీనామా టైపు చేస్తారు.

ఆ రాజీనామా లేఖలో కారణం రాసే చోట కర్వ్ ఉండదు, ఆగస్టులో జట్టు మారిన సంగతి ఉండదు, మేనేజర్ పేరు ఉండదు. వ్యక్తిగత కారణాల వల్ల అని రాస్తారు. ఏడాది చివర కంపెనీ వేసుకునే, ఉద్యోగం వదిలినవారి పట్టికలో వాళ్ళు స్వచ్ఛందంగా వెళ్ళినవారి వరుసలోనే లెక్కకు వస్తారు. ఆ అమ్మాయి కూడా ఆ వరుసలోనే ఉంది.